ఆదివారం లేని గీత

ఆ వేసవిలో మా చెల్లి బండి మొదటిసారి ఫ్లైఓవర్ మీద ఆగిపోయినప్పుడు వెనక సీట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. దిగమంటే దిగలేదు. "ఆసుపత్రి దాకా మాట్లాడుకున్నాను, ఆసుపత్రి దగ్గరే దిగుతాను" అని చేతికర్ర పట్టుకుని బిగదీసుకు కూర్చున్నాడట. ఆ మండుటెండలో చెల్లి బండినీ బండిలో ఆయన్నీ కలిపి పైకి నెట్టింది. ఆయన లోపల్నుంచి "కొంచెం ఎడంపక్కకి పట్టు తల్లీ" అని సలహాలు కూడా ఇచ్చాడట. ఇంటికొచ్చి ఇదంతా చెబుతూ తనే పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక చెంబుడు నీళ్ళు తాగి నా వైపు తిరిగింది.

"అక్కా, మీ కంపెనీ బ్యాటరీ చచ్చింది" అంది.

చావలేదు గానీ చచ్చినంత పని అయింది. రాత్రంతా చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా తిరగాల్సిన బండి మిట్టమధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది. బ్యాటరీకి గ్యారంటీ అయిదేళ్ళు. కొని రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ గ్యారంటీ ఇచ్చిన కంపెనీలో, బ్యాటరీలు ఎన్నాళ్ళు బతుకుతాయో లెక్కగట్టే గదిలో, నా ఉద్యోగం.

"మనకెందుకే గొడవ" అంది వంటింట్లోంచి అమ్మ. ఎవరూ గొడవ ఊసు కూడా ఎత్తలేదు.

మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే. చెల్లి స్టేషనుకీ పెద్దాసుపత్రికీ మధ్య బ్యాటరీ ఆటో నడుపుతుంది. స్టాండులో అందరూ పిడుగు అంటారు. నేను వయసులో దానికంటే పెద్దదాన్ని, నోట్లో మాత్రం బాగా చిన్నదాన్ని. ఇక అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలవాడు నీళ్ళు కలిపి పోస్తే, ఎండలు కదా వాడికీ దాహం వేస్తుంది అని సర్దిచెప్పుకునే మనిషి.

మర్నాడు చెల్లితోపాటు నేనూ కంపెనీ సర్వీసు కౌంటరుకి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. బ్యాటరీని మిషనుకి తగిలించి చూశాడు, కంప్యూటర్లో ఏదో కొట్టాడు, పెదవి విరిచాడు.

"మా లెక్క ప్రకారం అయిదేళ్ళు రావాలండి. రాలేదంటే నడిపిన తీరులో తేడా ఉన్నట్టు."

"నడిపిన తీరంటే?" అంది చెల్లి.

"అంటే... లేడీస్ కదా, బ్రేకులు ఎక్కువ వాడతారేమో."

"మా స్టాండులో సగం బండ్లు ఇలాగే ఏడుస్తున్నాయి. వాటిని నడిపే మీసాలవాళ్ళంతా లేడీసేనా?"

కుర్రాడు తెర మా వైపు తిప్పి, పైనుంచి కిందికి నెమ్మదిగా వాలుతున్న నీలం గీతని వేలితో చూపించాడు. "చూడండి, అయిదేళ్ళకి ఇక్కడికి రావాలి. మీది ఇక్కడుంది. అంటే తప్పు బ్యాటరీది కాదు కదా." ఆ గీత నాకు తెలుసు. మా గదిలో గోడకి అంటించి ఉంటుంది.

బయటికొచ్చాక చెల్లి బండి హేండిలు మీద చెయ్యేసి నిలబడింది. "ఆగిందని బండి చెప్తోంది, ఎక్కినవాళ్ళు చెప్తున్నారు. ఆగదని మీ గీత చెప్తోంది. గీతే గెలిచింది. బావుందే అక్కా మీ చదువు!"

నేను కంపెనీ బోర్డు వైపు చూశాను.

"వేసవి అయ్యేలోగా బండి రోజంతా తిరగాలి. లేదంటే స్టాండులో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, అక్కడ అదే పద్ధతి. ఆ చోటు కోసం ఎంతమందితో నోరు చేసుకున్నానో నీకు తెలుసు. మళ్ళీ బట్టల షాపులో నిలబడి చీరలు మడతపెట్టమంటావా? నేను పోను" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. చూసినట్టు కనపడకుండా బండెక్కి కూర్చున్నాను.

మా గదిలో పని పైకి చూస్తే పిచ్చిపనిలా ఉంటుంది. బ్యాటరీల్ని వేడి పెట్టెల్లో పెట్టి నిండా చార్జి చేస్తాం, పూర్తిగా ఖాళీ చేస్తాం, మళ్ళీ చేస్తాం. బయట ఏళ్ళ తరబడి పడే పాట్లు ఇక్కడ నెలల్లో పడిపోవాలి. నింపిన ప్రతిసారీ ఎంత పట్టిందో మిషను ఒక చుక్క పెడుతుంది. కొన్నాళ్ళు పెట్టిన చుక్కల్ని చూసి మిగతా బతుకంతా ఎలా ఉంటుందో గీత గీస్తాం. జాతకం రాయడమే, కాకపోతే జీతం ఇస్తారు. గోడ మీది గీత మా పెద్దసారు గీసింది. నాకు పని నేర్పిందీ ఆయనే.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. శనివారం సాయంత్రం పెద్దసారు స్వయంగా మెయిన్ స్విచ్ దించుతారు, సోమవారం పొద్దున ఎత్తుతారు. మనిషి లేని గదిలో బ్యాటరీలు నడవకూడదంటారు. పూర్వం ఆయన పనిచేసిన చోట ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు బ్యాటరీ అంటుకుంది. ఆర్పడానికి పరిగెత్తిన ఈయన చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది కాబట్టి మేమెవరం ఆ కట్టుబాటు గురించి రెండో మాట ఎత్తలేదు.

ప్రతి సోమవారం చుక్కలు కొంచెం పైకి లేస్తాయి. శనివారం కంటే బ్యాటరీ కాస్త ఎక్కువ పట్టినట్టు కనిపిస్తుంది. వాటికి మేం 'సోమవారం మొటిమలు' అని పేరు పెట్టుకున్నాం. పెద్దసారు కంప్యూటర్లో వాటిని సాపు చేసేసేవారు. "మొటిమలు చూసి మనిషి వయసు చెప్పకూడదమ్మా" అనేవారు. మేం నవ్వేవాళ్ళం.

కౌంటరు నుంచి వచ్చిన తరవాతి సోమవారం మొటిమలు లేచినప్పుడు నాకు నవ్వు రాలేదు. విశ్రాంతి దొరికితే బ్యాటరీ పోగొట్టుకున్నదాంట్లో కొంత తిరిగి తెచ్చుకుంటుంది. అది పుస్తకాల్లో ఉన్నదే, మా ఇద్దరికీ తెలిసిందే. తెలిసినా మాకు తట్టలేదు. ఎందుకంటే మాకూ ఆదివారం సెలవే.

"సార్, మన బ్యాటరీలకి వారానికో రోజు సెలవుంది" అన్నాను.

"ఉంది. అయితే?"

"మా చెల్లి బండికి లేదు. రోగుల్ని చూడ్డానికి ఆదివారమే అందరూ ఆసుపత్రికి వస్తారు. ఆ స్టాండులో ఏ బండికీ లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క రోజు సెలవుకి అంత తేడా రాదమ్మా."

"రాకపోతే మీ గీతే రైటు. వస్తుందేమో చూద్దాం."

"చూడాలంటే ఆదివారాలు మిషను ఆగకూడదు. ఎవరు కూర్చుంటారు?"

"నేను."

ఆయన సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. అప్పటికే కొంత పాతబడ్డ బ్యాటరీలు పెట్టెల్లో ఉన్నాయి. కొత్తవాటితో మొదలుపెడితే ఏడాది పట్టేది. వాటిని రెండు జట్లు చేశాను. ఒక జట్టుకి ఆదివారం సెలవు, రెండో జట్టుకి లేదు.

మొదటి ఆదివారం ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండో ఆదివారం అమ్మ భోజనం డబ్బా పట్టుకొచ్చింది. గేటు దగ్గర సంతకం పెట్టి, బెదురుతూ బెదురుతూ లోపలికొచ్చి, ఏసీ గాలి తగలగానే "అబ్బ!" అని అక్కడే కూలబడింది. ఆ తరవాత ఏ ఆదివారమూ మానలేదు. కాపలా పని నేనే అప్పజెప్పాను. ఇసక బకెట్ పక్కన కుర్చీ వేసుకుని, పైట భుజాల చుట్టూ కప్పుకుని, పెట్టెల్నే చూస్తూ కూర్చునేది.

"ఏమే, వీటికి తిండి పెట్టడం, పెట్టింది లాగేసుకోవడం, మళ్ళీ పెట్టడం. ఉసురు తగలదూ?" అనేది.

"తగిలితే పెద్దసారుకి తగుల్తుందిలే అమ్మా."

మధ్యాహ్నానికి చెల్లి వచ్చేది. బండి ఎలాగూ అప్పటికి పడుకునేది కదా. ముగ్గురం ఆ మిషన్ల మధ్య కింద కూర్చుని అన్నాలు తినేవాళ్ళం. ఎన్నో ఏళ్ళుగా మేం ముగ్గురం ఒకేసారి తిన్నది లేదు. నాకు ఆ ఆదివారాలు చాలా బావుండేవి. చెల్లి మాత్రం తింటూనే తెర వైపు చూసేది.

"ఏమైనా తేడా పడిందా?"

"ఇంకా లేదు."

రెండు జట్ల చుక్కలూ చెట్టపట్టాలు వేసుకుని నడుస్తున్నాయి. వారాలు గడుస్తున్నాయి, తేడా లేదు. స్టాండులో చెల్లి చోటులో మధ్యాహ్నం తరవాత వేరే బండి నిలబడుతోంది. "చూశావా, చెప్పానుగా" అని పెద్దసారు పైకి అనలేదు గానీ, సోమవారం పొద్దున నా బల్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆయన నడకలో ఆ మాట వినిపించేది. ఒకరోజు చెల్లి డబ్బా మూత విసిరికొట్టింది. "మీ బ్యాటరీలు కూడా మీ కంపెనీ మనుషులే, నోరు విప్పవు" అంది. అమ్మ మూత ఏరుకొచ్చి కడిగింది.

తరవాత ఒక ఆదివారం సెలవు లేని జట్టులో ఒక చుక్క కిందికి పడింది. మిషను పొరపాటేమో అనుకున్నాను. దాని తరవాతిది ఇంకా కిందికి పడింది. వారం తిరిగేసరికి ఆ జట్టంతా మెట్టు దిగినట్టు దిగిపోయింది. అలా నెమ్మదిగా వాలే గీత ఒక్కసారిగా వంగి పడిపోయే చోటుని మా పనిలో మోకాలు అంటారు. పెద్దసారు గీతలో ఆ మోకాలు అయిదేళ్ళకి ఎంతో అవతల ఉంది. ఇక్కడ బయటి లెక్కలో రెండేళ్ళు నిండకుండానే వచ్చేసింది. సెలవు దొరికిన జట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు నీలం గీత వెంటే పోతోంది.

పెద్దసారుని పిలిచి చూపించాను. ఆయన తెర ముందు నిలబడ్డారు. గోడ మీది కాగితాన్ని చూశారు. మళ్ళీ తెరని చూశారు.

"భోజనం చేశావా?" అన్నారు.

"లేదు సార్."

"చేసి రా" అని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఈలోగా డ్రైవర్లంతా కలిసి కంపెనీ గేటు ముందు బండ్లు అడ్డంపెట్టారు. దాంతో మేనేజరు వాళ్ళందర్నీ హాల్లో కూర్చోబెట్టి గీత చూపించి నచ్చజెబుదామనుకున్నాడు. ఆయన్ని మేం చాటుగా వెన్నముద్ద అంటాం. అంత మెత్తగా మాట్లాడతాడు, పట్టుకుంటే మాత్రం చేతికి చిక్కడు. నన్ను పిలిపించాడు.

"మీ సిస్టర్ కూడా వాళ్ళలో ఉన్నారట కదా. మీరు చెబితే నమ్ముతారు. గీత వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండమ్మా, చాలు."

"కొత్త లెక్క వచ్చింది సార్."

"అది తరవాత తీరిగ్గా చూద్దాం. ముందు పాతది చెప్పండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పాను. "మనకెందుకే! ఉన్న ఒక్క జీతం కూడా పోతే?" అంది అమ్మ. అది ఎదురుచూసిందే. చెల్లి మాత్రం అరవలేదు. "నువ్వు పాత గీతే చెప్పినా నేనేం అనుకోనులే అక్కా. షాపువాళ్ళు రమ్మంటున్నారు" అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. అది తిట్టినా పడేదాన్ని. అది తలవంచుకోవడం నేను చూడలేకపోయాను. చీరలు మడతపెట్టడానికి పుట్టిన మనిషి కాదది.

హాలు నిండిపోయింది. ఖాకీ చొక్కాలు, చెమట, గోల. చెల్లి చివరి వరసలో గోడకి ఆనుకుని నిలబడింది. మేనేజరు రెండు తియ్యటి మాటలు చెప్పి మైకు నాకిచ్చాడు. తెర మీద నీలం గీత వేశాను.

"ఇది మా గదిలో గీసిన గీత. దీని ప్రకారం మీ బ్యాటరీలు అయిదేళ్ళు రావాలి" అన్నాను. గోల పెరిగింది. "మా గదిలో బ్యాటరీలకి ప్రతి ఆదివారం సెలవు. మీలో ఎవరెవరు ఆదివారం బండి ఆపుతారు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. రెండో గీత వేశాను, ఎర్రరంగుతో. "ఇది సెలవు లేని బ్యాటరీ గీత."

ఎర్రగీత నీలంగీతతో కొంత దూరం నడిచి, విడిపోయి, పడిపోయింది. అది పడ్డ చోటు ఏమిటో ఆ హాల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఎవరో ముందు వరసలో "నాదీ అక్కడే పోయింది" అన్నాడు.

మేనేజరు నా చేతిలోంచి మైకు మెల్లిగా తీసుకున్నాడు. "ఒక్క విషయం మీరంతా తెలుసుకోవాలి. ఈ రెండో లెక్క చేసిన రోజుల్లో ఈవిడ అమ్మగారూ చెల్లెలూ ఆ గదిలోనే ఉన్నారు. గేటు దగ్గర సంతకాలు ఉన్నాయి. సొంత చెల్లెలి కోసం ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చేసిన లెక్క ఇది. దీన్ని ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి."

హాలు చల్లబడింది. నా చేతిలో మైకు లేదు. అవసరం కూడా లేకపోయింది, నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"అవును, మా చెల్లి కోసమే చేశాను. బ్యాటరీకి మాత్రం నాకు చెల్లెలుందని తెలీదు సార్! మా అమ్మ ఇసక బకెట్ పక్కన కూర్చుంది, మా చెల్లి అన్నం తింది. ఆ రెండూ చేస్తే బ్యాటరీ పాడైపోతుందంటే మీ బ్యాటరీలు అసలు అమ్మకండి! నేనెవరి కోసం చేశానో చెప్పాను. మీరు ఈ నీలంగీత ఎవరి కోసం చూపిస్తున్నారో అదీ చెప్పండి!"

ఎవరో ఈల వేశారు. మేనేజరు నవ్వు మొహం అలాగే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు పక్కన కుర్చీలోంచి పెద్దసారు లేచారు. మైకు కోసం చెయ్యి చాపలేదు.

"ఎర్రగీత నేను చూశాను. సరిగ్గానే ఉంది. నీలంది నేను గీసింది" అన్నారు. అని కూర్చున్నారు. ఆయన చెప్పింది అంతే.

మర్నాడు కంపెనీవాళ్ళు నన్ను కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు. చెల్లి విని పగలబడి నవ్వింది. "సెలవిస్తే బ్యాటరీలాగా మళ్ళీ పుంజుకుని తిరగబడతావని తెలీదు వెర్రివాళ్ళకి" అంది. అమ్మ నవ్వలేదు, 'మనకెందుకే' అని కూడా అనలేదు. ఆ రోజంతా ఏదో ఆలోచిస్తూ అన్నంలో రెండుసార్లు ఉప్పు వేసింది.

వేసవి చివర్లో, మబ్బులు కమ్మి ఉక్కపోస్తున్న ఒక ఉదయం, కంపెనీ వ్యాను మా వీధిలోకి వచ్చింది. హాల్లో ఎర్రగీత చూశాక డ్రైవర్లు వదల్లేదు, కంపెనీకి బ్యాటరీలు మార్చక తప్పలేదు. కౌంటర్లో కుర్రాడు దిగాడు. ఇద్దరు మనుషులు కొత్త బ్యాటరీ పెట్టెని మోసుకొచ్చి మా గుమ్మం ముందు దించారు. చెల్లి మొహం వెలిగిపోయింది. కుర్రాడు ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు.

చెల్లి పైకి చదివింది. "వాడినవారి నిర్లక్ష్యం వల్ల పాడైనప్పటికీ, కంపెనీ దయతో ఈ బ్యాటరీని ఉచితంగా..." అక్కడితో ఆపేసింది. కాగితాన్ని మడిచి వెనక్కిచ్చింది.

"నిర్లక్ష్యం నాది కాదు. మీ దయ నాకొద్దు. తీసుకుపో."

స్టాండులో చోటు పోవడానికి ఇంకా ఎక్కువ రోజులు లేవు. అయినా సంతకం పెట్టమని అనలేకపోయాను.

"అందరికీ ఇదే కాగితమండీ. సంతకం లేకపోతే నేను ఇవ్వలేను" అని కుర్రాడు మనుషులకి సైగ చేశాడు. వాళ్ళు పెట్టె ఎత్తడానికి వంగారు.

అమ్మ చేతులు పైటకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేరుగా వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది.

"అమ్మగారూ, లేవండి" అన్నాడు కుర్రాడు.

"లేవను. బ్యాటరీ మాది, మాకు రావాల్సిందే. కాగితం మీది, అది పట్టుకెళ్ళు."

"అలా కుదరదండీ."

"మీ గదిలో ఆ బ్యాటరీలు ఎలా పోయాయో ఎదురుగా కూర్చుని నేను చూశాను నాయనా. వేసవంతా చూశాను. నా కూతురు నిర్లక్ష్యం అని రాసిన కాగితం నా గుమ్మంలోకి రాదు."

అమ్మ గొంతు అలా ఉంటుందని నాకూ చెల్లికీ అప్పటిదాకా తెలియదు. మేమిద్దరం గుమ్మంలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. వీధిలో పోతున్న ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకోటి ఆగింది. కాసేపట్లో వ్యాను ముందుకీ వెనక్కీ కదలడానికి లేకుండా పోయింది. డ్రైవర్లు దిగి, ఏం జరుగుతోందో తెలుసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. చినుకులు మొదలయ్యాయి. ఎవరో గొడుగు తెచ్చి అమ్మకి పట్టారు.

కుర్రాడు ఆఫీసుకి ఫోను చేశాడు. చాలాసేపు "అవును సార్... లేవట్లేదు సార్... పెద్దావిడ సార్..." అన్నాడు. చివరికి ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చాడు. "ఏమని రాయమంటారు మేడమ్?"

"మా అమ్మనడుగు" అన్నాను.

అమ్మ గొడుగు కింద సర్దుకుని కూర్చుంది. "రాయి. బ్యాటరీ పాడవడంలో నడిపినవాళ్ళ తప్పేమీ లేదు, లెక్క తప్పు. అంతే. ఎక్కువ రాయకు."

"మీకొక్కరికి రాస్తే అందరికీ రాయాలండీ."

"రాయి మరి. పెన్నులో సిరా లేదా?"

డ్రైవర్లు ఘొల్లుమన్నారు. కుర్రాడు పాత మాటలు కొట్టేసి, కింద కొత్తవి రాసి, కంపెనీ తరపున సంతకం పెట్టాడు. చెల్లి ఆ కాగితాన్ని అమ్మకి పైకి చదివి వినిపించింది. అమ్మ ఇంకోసారి చదవమంది. చెల్లి ఇంకోసారి చదివింది. అప్పుడు లేచింది అమ్మ.